బలవంతం లేని తనిఖీ

పోయిన జూన్‌లో రిటైర్ అయ్యాను. ఆ తర్వాత కొద్దిరోజులకే శ్రావ్య అనే అమ్మాయి ఫోన్ చేసింది. మా కౌంటీలోనే వేరే ఊరి సిటీ ఆఫీస్‌లో, నేను చేసినటువంటి ఉద్యోగంలోనే కొత్తగా చేరిందట. నా నంబర్ మా చర్చివాళ్ళెవరో ఇచ్చారు. "ఆంటీ, ట్రైనింగ్ అయిపోయింది. ఫామ్స్ అన్నీ అర్థమయ్యాయి. కానీ అసలు జాబ్ ఏంటో అర్థం కాలేదు," అంది. అరగంట మాట్లాడాను కానీ, నేను చెప్పింది నాకే తృప్తిగా లేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఆ అమ్మాయిలా కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళెవరైనా చదవచ్చు.

ఏ ఏడు ఏ పోస్టులో ఉన్నానో, ఎవరికి ఎన్ని ఫైళ్ళు పంపానో రాయను. నాకు పని నేర్పిన ఒక బాస్ గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు తర్వాత జరిగినదాని గురించి రాస్తాను. మిగతాదంతా ఎవరైనా నేర్చుకోవచ్చు.

పని ఏమిటంటే

మాది షికాగోకి పడమట, అరోరాకి దగ్గర్లో ఒక మోస్తరు ఊరు. నేను కాకినాడ పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను. మా ఆయన మోహన్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇక్కడికొస్తే వెంట వచ్చి, పని చేసుకునే అనుమతి వచ్చాక సిటీ ఆఫీస్‌లో పర్మిట్ల కౌంటర్ దగ్గర చేరాను. అక్కడినుంచి ఈ పనిలోకి మారాను.

ఊళ్ళో ఒకటో రెండో ఇళ్ళు కొనుక్కుని అద్దెకిచ్చే ఓనర్లు చాలామంది. వాళ్ళకోసం సిటీ ఒక అక్రెడిటేషన్ పథకం పెట్టింది. ఇష్టమున్న ఓనర్ పేరు నమోదు చేసుకుంటాడు. ఒక శనివారం క్లాసుకొస్తాడు. ఇల్లు ఎలా ఉంచాలి, అద్దెకున్నవాళ్ళతో ఎలా నడుచుకోవాలి అని రాసి ఉన్న నియమాల మీద సంతకం చేస్తాడు. తర్వాత ఇల్లు మాకు చూపిస్తాడు. అన్నీ బాగుంటే సర్టిఫికెట్ ఇస్తాం. ఆయన పేరు సిటీ వెబ్‌సైట్‌లో పెడతాం. ఇల్లు వెతుక్కునేవాళ్ళు ఆ జాబితా చూసి ఫోన్ చేస్తారు.

ఇందులో ముఖ్యమైన మాట "ఇష్టమున్న" అన్నదే. కంప్లయింట్ వస్తే నోటీసిచ్చి తలుపు తట్టే ఇన్‌స్పెక్టర్లు వేరే ఉన్నారు. వాళ్ళకి జరిమానా వేసే అధికారం ఉంది. మాకేమీ లేదు. రండి అని అడగగలం, అంతే. రాకపోతే మర్నాడు మళ్ళీ అడగగలం.

మొదటి రెండేళ్ళూ ఇది దండగమారి పని అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇలాంటి పథకాల్లో ముందు చేరేది ఎలాగూ బాగా ఉండేవాళ్ళే. హలీనా అని ఒక పోలిష్ పెద్దావిడ ఉండేది. భర్త పోయాక కింద తను ఉంటూ పై అంతస్తు అద్దెకిచ్చింది. ఆవిడ మెట్లు మా ఇంటి డైనింగ్ టేబుల్ కంటే శుభ్రంగా ఉండేవి. క్లాసుకి నోట్‌బుక్ తెచ్చుకుని ప్రతి మాటా రాసుకుంది. ఈవిడకి సర్టిఫికెట్ ఇవ్వడానికి సిటీ నాకు జీతం ఇవ్వాలా అని మా బాస్ వాల్ట్‌ని అడిగాను.

వాల్ట్ నవ్వలేదు. ఆవిడ చర్చిలో ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు ఇంకో పదిమంది ఉంటారని, వాళ్ళు తన మాట వినకపోయినా హలీనా మాట వింటారని అన్నాడు. ఆ ఏడాది చివరికి వాళ్ళలో నలుగురు వచ్చారు. ఒకాయన ఇంట్లో వెనకవైపు మెట్లకి పట్టుకునే రెయిలింగే లేదు. ఆయన మీద ఎవరూ ఎప్పుడూ కంప్లయింట్ ఇవ్వలేదు. హలీనా చెప్పిందని వచ్చాడు, క్లాసులో విన్నాడు, ఇంటికెళ్ళి రెయిలింగ్ పెట్టించుకున్నాడు. నేను దండగ అనుకున్న పని అలా జరుగుతుందన్నమాట. కంటికి కనిపించదు.

వాల్ట్

వాల్ట్ అంతకుముందు ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పాతికేళ్ళు చేశాడు. ఒక అగ్నిప్రమాదంలో మోకాలు పాడై, ఆ ఉద్యోగం వదిలి ఇటు వచ్చాడు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుని నెమ్మదిగా ఎక్కేవాడు. మాట తక్కువ. సోమవారం పొద్దున ఆఫీస్‌కి నాకన్నా ముందొచ్చి కాఫీ పెట్టేవాడు. నాకు కాఫీలో పాలు ఎక్కువ కావాలని వారం రోజుల్లో కనిపెట్టాడు. నా ఇంగ్లిష్ యాసని ఎవరైనా ఓనర్ వెక్కిరింపుగా అనుకరిస్తే, అదే మాట తనకి ఇంకోసారి చెప్పమని ఆ ఓనర్‌ని నెమ్మదిగా అడిగేవాడు. రెండోసారి చెప్పాల్సొచ్చేసరికి వాళ్ళకే సిగ్గేసేది.

నాతో మొదటి ఇంటికి వచ్చినప్పుడు నేను గోడలూ, స్విచ్‌లూ, కుళాయిలూ చూసుకుంటూ పోతున్నాను. ఆయన మాత్రం అద్దెకున్న కుటుంబంతో మాట్లాడుతున్నాడు. ఒక్కొక్కరినీ ఎక్కడ పడుకుంటారని అడిగాడు. పిల్లలు చూపించారు, తల్లి చూపించింది. బయటికొచ్చాక నాకు చెప్పాడు. మంటల్లోనూ పొగలోనూ మనుషులు చనిపోయేది ఎక్కువగా నిద్రలోనే. అందుకని పడుకునే చోటునుంచి మొదలుపెట్టి ఇల్లు చూడాలి, గుమ్మంనుంచి కాదు.

ఆ మాట నాకు కొత్త. కాలేజీలో కట్టడం గురించి చదివాను కానీ అందులో ఉండేవాళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత వందల ఇళ్ళలో ఆ ప్రశ్న అడిగాను. ఒక్క ఇంట్లో అడగలేదు.

ప్రభాకర్ గారి ఇల్లు

ప్రభాకర్ గారు మా తెలుగు చర్చిలో సంఘపెద్ద. నరసాపురం దగ్గరవాళ్ళు. సాఫ్ట్‌వేర్‌లో చాలా ఏళ్ళు చేసి, మూడు ఇళ్ళు కొని అద్దెకిచ్చారు. కొత్తగా వచ్చిన మనవాళ్ళకి ఆయనే దిక్కు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి తీసుకొచ్చేవారు, దుప్పట్లు ఇచ్చేవారు, డ్రైవింగ్ నేర్పించేవారు. నేను ఇక్కడికొచ్చిన మొదటి చలికాలంలో నాకు కోటు ఇచ్చింది ఆయన భార్య రూత్ గారే. ఇది కూడా రాయాలి. లేకపోతే ఆయన గురించి సగమే చెప్పినట్టు.

మా పథకంలో చేరిన మొదటి తెలుగు ఓనర్ ఆయన. నేను అడిగానని చేరారు. ఆ రోజు నాకెంత గర్వమో చెప్పలేను. రెండిళ్ళు చూశాను, బాగున్నాయి. మూడో ఇంట్లో పైన రెండు గదుల్లో ఇద్దరు ఐటీవాళ్ళు అద్దెకున్నారు. పై అంతస్తు చూశాను. హాల్లో, వాసన కూడా రాని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం పాతబడిపోయింది, మార్చాలన్నాను. ఆయన అప్పటికప్పుడు కారేసుకుని వెళ్ళి కొత్తది తెచ్చి బిగించారు. బటన్ నొక్కి మోగిస్తే గట్టిగా మోగింది.

బేస్‌మెంట్ తలుపుకి తాళం ఉంది. ఇల్లంతా వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ అక్కడే.

"అక్కడేం లేదు సిస్టర్, పాత సామాన్లు. తాళంచెవి ఇంట్లో మర్చిపోయాను. ఫర్నేస్ మొన్ననే సర్వీస్ చేయించాను, పేపర్ ఉంది చూడండి," అన్నారు.

పేపర్ చూశాను. సర్వీస్ చేసినట్టే ఉంది. ఎక్కడ పడుకుంటారని పైవాళ్ళని అడగలేదు, ఎందుకంటే పక్కన ఆయన నిలబడి ఉన్నారు. ఆయన ముందు అలా అడిగితే ఆయన మాట నమ్మనట్టు ఉంటుంది కదా అనిపించింది. తాళంచెవి తెచ్చేదాకా ఆగుతానని అనలేకపోయాను. అప్పటికే అలారం కోసం ఒకసారి తిప్పాను, మళ్ళీ తిప్పితే బాగోదనిపించింది. ఫామ్‌లో ఫర్నేస్ చూశారా అన్న గడి ఉంటుంది. చూశాను అని టిక్ పెట్టి, కింద సంతకం చేశాను.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఏదైనా ఉంటే, ఆ టిక్ గురించే. పెట్టేటప్పుడు అది అబద్ధమని నాకు అనిపించలేదు. మర్యాద అనిపించింది.

ఏడాది తిరిగాక, జనవరిలో ఒక శనివారం ఉదయం పది గంటల వేళ ఆ ఇంట్లో హాల్లో అలారం మోగింది. పైన ఉన్న కిరణ్ అనే అబ్బాయి ముందు వంటగది చూశాడు, స్టవ్ కట్టేసే ఉంది. అలారం ఆగలేదు. బేస్‌మెంట్‌లో అంజలి ఉందని గుర్తొచ్చి కిందికి పరుగెత్తాడు.

ఆ బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన ప్లైవుడ్‌తో గోడ కట్టి గది చేశారు. అందులో అంజలి, ఆమె భర్త సుధీర్ మూడు నెలలుగా ఉంటున్నారు. ఆమెది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, గుంటూరు పిల్ల. రెండు రోజులుగా తలనొప్పి అంటోంది, జలుబు అనుకున్నారు. ఆ ఉదయం సుధీర్ గ్రోసరీకి వెళ్ళాడు. ఫర్నేస్ పొగ బయటికి పోయే గొట్టం ఒక చోట ఊడిపోయి ఉంది. గదిలో అలారం లేదు, మనిషి దూరి బయటికి రాగలిగే కిటికీ లేదు. కిరణ్ వెళ్ళేసరికి అంజలి మంచం పక్కన నేలమీద పడి ఉంది. భుజాల కింద చేతులేసి మెట్లమీదుగా పైకి లాక్కొచ్చి, బయట మంచులో కూర్చోబెట్టి 911కి ఫోన్ చేశాడు.

బతికింది. అందుకు దేవునికి నేను ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను. మోగింది నేను మార్పించిన అలారమే. ఆమె పడి ఉన్నది నేను తెరిపించని తలుపు వెనకాల.

రిపోర్ట్

సోమవారం పొద్దున ఫైర్ డిపార్ట్‌మెంట్‌వాళ్ళ ఫోన్ వల్ల వాల్ట్‌కి సంగతి తెలిసింది. నాకు అప్పటికే చర్చిలో తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం మోహన్ నాకు ధైర్యం చెప్పాడు. తాళం వేసింది ఆయన, చూపించనిది ఆయన, నీ తప్పేముందన్నాడు. ప్రేమతోనే అన్నాడు. తలుపు తాళం వేసి ఉన్నందువల్ల చూడలేకపోయానని రాస్తే సరిపోతుందన్నాడు.

అదే మాట వాల్ట్‌కి చెప్పాను. తాళం వేసి ఉందన్నాను. ఆయన ఫామ్ తీసి నా ముందు పెట్టాడు. గడిలో టిక్ ఉంది.

"తెరవమని అడిగావా?" అన్నాడు.

లేదన్నాను.

"అయితే అదే రాయి."

నేను కూర్చుని రాశాను. తలుపు తెరవమని నేను అడగలేదు, ఫర్నేస్ చూడలేదు, చూశానని టిక్ పెట్టాను, ఓనర్ నాకు తెలిసిన మనిషి. నాలుగు వాక్యాలు. అవి రాయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన చదివి, నా సంతకం కింద తన సంతకం పెట్టాడు. ఈమెకి పని నేర్పింది నేను, తెలిసినవాళ్ళ ఇంటికి ఒక్కర్తినే పంపింది కూడా నేనే అని ఒక వాక్యం చేర్చాడు. ఆ వాక్యం రాయమని ఆయన్ని ఎవరూ అడగలేదు. రాయకపోతే ఆయన మీదకి ఏమీ వచ్చేది కాదు.

సాయంత్రం నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నాకు వెళ్ళాలని లేదు. వెళ్ళాలి అన్నాడు, కారు తీశాడు. అంజలి కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. సుధీర్ పక్కన నిలబడ్డాడు. నేనెవరో చెప్పాను. జరిగింది చెప్పాను. ఆమె కోపపడుతుందనుకున్నాను. నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ అంది:

"హాల్లో సర్టిఫికెట్ చూసే జాయిన్ అయ్యాం ఆంటీ. సిటీవాళ్ళు చెక్ చేశారు కదా, సేఫ్ అనుకున్నాం."

ఇన్నేళ్ళలో నాకు ఎవరూ అంత బరువైన మాట అనలేదు. అందులో నిష్ఠూరం కూడా లేదు. అప్పటిదాకా ఆ సర్టిఫికెట్ ఓనర్‌కి ఇచ్చే బహుమానం అనుకునేదాన్ని. అది అద్దెకొచ్చేవాళ్ళకి మేమిచ్చే మాట అని ఆ రోజు తెలిసింది.

హియరింగ్

మా పథకంలో ఒకరి గుర్తింపు తీసెయ్యాలంటే ఒక ప్యానెల్ కూర్చుని విచారిస్తుంది. ఇద్దరు ఓనర్లు, ఇద్దరు అద్దెకున్నవాళ్ళు, సిటీ తరఫున ఒకరు. హియరింగ్‌కి ముందు ఆదివారం ఆరాధన అయ్యాక ప్రభాకర్ గారు నన్ను పార్కింగ్‌లో ఆపారు. కోపంగా లేరు. బతిమాలుతున్నట్టు కూడా లేరు. అలసిపోయి ఉన్నారు.

"ఆ అమ్మాయి హాస్పిటల్ బిల్ నేను చూసుకుంటాను. బేస్‌మెంట్ క్లోజ్ చేశాను. కానీ హియరింగ్ అంటే పేపర్‌లో వస్తది సిస్టర్. సంఘంలో నా ముఖం ఎలా చూపించను? మీరు ఒక్క మాట చెప్తే వాళ్ళు వార్నింగ్‌తో వదిలేస్తారు."

నేను చెప్పబోయేది నా తప్పు గురించేనని, ఆయన గురించి అడిగితే జరిగింది చెప్తానని అన్నాను. ఆయన తలూపి కారెక్కారు. రూత్ గారు కారులోంచి నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. ఆవిడ ఇచ్చిన కోటు నా బీరువాలో ఇంకా ఉంది. ఆ మధ్యాహ్నం చాలాసేపు ఏడ్చాను.

ప్యానెల్ ముందు ముందుగా నేనే మాట్లాడాను. తర్వాత అంజలిని పిలిచారు. ఆమె రావడానికే భయపడింది. సాక్ష్యం చెప్తే వీసాకి ఏమైనా అవుతుందేమోనని సుధీర్ భయం. అద్దె ఇంటి గురించి నిజం చెప్పినందుకు వీసా పోదని వాల్ట్ ఇద్దరికీ విడివిడిగా, ఓపిగ్గా చెప్పి, సిటీ లాయరుతో కూడా చెప్పించాడు. అంజలి రెండు నిమిషాలు మాట్లాడింది. అప్పటికి ఆమెకి ఇంకా మాటలు సరిగ్గా గుర్తొచ్చేవి కావు. మీటింగుల్లో తెలిసిన పదం నోటికి రాక ఆగిపోతున్నానని, కాంట్రాక్ట్ పోతుందని భయంగా ఉందని చెప్పింది. ప్రభాకర్ గారు తల ఎత్తలేదు.

ఆయన అక్రెడిటేషన్ తీసేశారు. నన్ను ఒక నెల తనిఖీలనుంచి తప్పించి కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు. అంతకంటే పెద్ద ముప్పు ఇంకొకటి వచ్చింది. ఒక కౌన్సిల్ మెంబర్ ఈ పథకమే వద్దన్నాడు, ఇష్టమైనవాళ్ళే వస్తే ఈ సర్టిఫికెట్‌కి విలువేముందన్నాడు. తప్పుడు మాటేం కాదు. వాల్ట్ ఆయనతో వాదించలేదు, మార్పులు రాసుకొచ్చాడు. సర్టిఫికెట్ మీద ఏ ఏ గదులు చూశామో, ఎవరు, ఎప్పుడు చూశారో రాయాలి. చూడనిది చూడలేదని రాయాలి. అద్దెకున్నవాళ్ళతో ఓనర్ పక్కన లేకుండా మాట్లాడాలి. తెలిసినవాళ్ళ ఇంటికి మాలో వేరొకరు వెళ్ళాలి. కౌన్సిల్ ఒప్పుకుంది. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఇవే రూల్స్ ఉన్నాయి. కొత్తవాళ్ళకి అవి చాదస్తంలా అనిపిస్తాయని నాకు తెలుసు.

అంజలి కోలుకోవడానికి ఆరేడు నెలలు పట్టింది. ఉద్యోగం నిలబడింది. తర్వాత సుధీర్‌కి వేరే రాష్ట్రంలో, చాండ్లర్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చి అటు వెళ్ళిపోయారు. కొత్త ఇంట్లో దిగిన రోజు నాకొక ఫొటో పంపింది. గదిలో ఒక్క కుర్చీ కూడా లేదు. సీలింగ్ మీద కొత్త అలారం మాత్రం ఉంది. "ఫస్ట్ ఇదే పెట్టించాను ఆంటీ," అని రాసింది.

మనవాళ్ళ గురించి

ఇది కొందరికి నచ్చదు, అయినా రాస్తాను. మన ఓనర్లు మంచివాళ్ళు. అద్దెకున్న పిల్లల్ని ఇంటికి పిలిచి అన్నం పెడతారు. అయితే లీజు కాగితం అడిగితే మనవాళ్ళ మధ్య కాగితమెందుకంటారు. బేస్‌మెంట్‌లో ఇంకో పరుపు వేస్తే సాయం చేసినట్టే అనుకుంటారు. అద్దెకున్నవాళ్ళు కూడా అంకుల్‌ని ఎలా అడుగుతాం అంటారు. హీటర్ పనిచెయ్యకపోతే స్వెటర్ మీద స్వెటర్ వేసుకుంటారు గానీ ఫోన్ చెయ్యరు. అసలు భయం వీసా గురించి. వీసాకీ హీటర్‌కీ సంబంధం లేదని నేను ఎన్ని ఇళ్ళలో చెప్పానో లెక్కలేదు.

ఆ మొహమాటం తప్పని నేను అనలేను. నాకూ అదే ఉంది కదా. ఈ ఉద్యోగంలో ఉన్నంతసేపూ దాన్ని గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్ళాలి. బయటికొచ్చాక మళ్ళీ తీసుకోవచ్చు.

క్లాసు

హియరింగ్ అయిన ఏడాది తర్వాత, వసంతకాలంలో ఒక శనివారం ఎప్పటిలాగే లైబ్రరీ మీటింగ్ రూమ్‌లో కొత్త ఓనర్లకి క్లాసు చెప్తున్నాను. ఇరవైమందికి పైగా వచ్చారు. వాల్ట్ రిటైర్ అవ్వడానికి కొద్ది వారాలే ఉంది, పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మొదలుపెట్టిన కాసేపటికి తలుపు తోసుకుని ప్రభాకర్ గారు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు.

ఆయన పేరు జాబితాలో లేదు. మళ్ళీ చేరాలంటే మొదటినుంచీ క్లాసుకి రావాలన్నది రూలే గానీ, చేరాలన్న రూలేం లేదు. ఆ ఏడాదంతా మేం చర్చిలో వందనాలు చెప్పుకోవడం తప్ప మాట్లాడుకోలేదు. వాల్ట్ లేచి ఆయనకి ఒక పుస్తకం, పెన్ను ఇచ్చి వచ్చాడు.

ఫర్నేస్ భాగం వచ్చింది. ప్రతిసారీ అక్కడ అంజలి సంగతి చెప్తాను, పేర్లు లేకుండా. మన ఊళ్ళోనే ఒక ఇంట్లో ఇలా జరిగింది అని మొదలుపెట్టాను. అది జరిగిన ఇంటి ఓనర్ ఎలాంటివాడని ఎవరో అడిగారు.

వెనకనుంచి ప్రభాకర్ గారు చెయ్యెత్తి లేచారు.

"ఆ ఇల్లు నాది," అన్నారు ఇంగ్లిష్‌లో. "ఇన్‌స్పెక్షన్ రోజు ఆ తలుపు వెనక పరుపు ఉంది. అప్పుడు ఇంకొక అబ్బాయి ఉండేవాడు. ఈవిడ చూడకూడదని నేనే తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. ఈవిడ మా చర్చి మనిషి. నన్ను గట్టిగా అడగదని నాకు తెలుసు."

ఆ తాళంచెవి సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన కూర్చోకుండా ఇంకా చెప్పారు. ఆ అమ్మాయి తనని అంకుల్ అని పిలిచేదని, క్రిస్మస్‌కి భార్యాభర్తలిద్దరూ తమ ఇంట్లోనే భోజనం చేశారని, అద్దె తగ్గించి ఇచ్చాను కాబట్టి మేలే చేశాననుకున్నానని చెప్పారు. "నేను చెడ్డవాణ్ణయితే మీకు తేలిగ్గా ఉండేది. నేను మీలాంటివాణ్ణే," అన్నారు.

నేను అడగలేదు, అది నా తప్పు, అన్నాను. పది నిమిషాలు విరామం ఇచ్చాను.

ఆయన నా దగ్గరికొచ్చారు. "వందనాలు సిస్టర్," అన్నారు తెలుగులో. ఏడాది కిందే చెప్పాల్సిందన్నారు. రూత్ గారు పంపించారా అని అడిగాను. కాదు, తనే వచ్చారట. రూత్ గారు మాత్రం బయట కారులో ఉన్నారట, లోపలికి రావడానికి మొహమాటపడుతున్నారట. నేను వెళ్ళాను. ఆవిడ కారు దిగి నా చెయ్యి పట్టుకున్నారు.

తిరిగి లోపలికి వెళ్తుంటే హాల్లో ఒకాయన నాకోసం నిలబడి ఉన్నాడు. పేరు హెక్టర్, ప్లంబింగ్ పని చేస్తాడు. పొద్దుటినుంచీ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నవాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"మా ఇంట్లో కింద నలుగురు ఉంటున్నారు. మా ఆవిడ తరఫు చుట్టాలు. అలారం లేదు. మీరొచ్చి చూసి చెప్తే ఏం చెయ్యాలో అది చేస్తాను. రాస్తారా, నా మీద?"

చూడమని పిలిచినవాళ్ళ మీద మేం రాసేది సాయం చెయ్యడానికేనని, అయితే ప్రమాదం ఉంటే ఆ గదిలో ఆ రోజునుంచే ఎవరూ పడుకోకూడదని ఉన్నదున్నట్టు చెప్పాను. ఎప్పుడొస్తారన్నాడు. క్లాసు అవ్వగానే అన్నాను.

మూడు కార్లలో వెళ్ళాం. హెక్టర్ ముందు, వెనక నేనూ వాల్ట్, మా వెనక, రూత్ గారిని ఇంటి దగ్గర దింపి ప్రభాకర్ గారు. రావచ్చా అని అడిగితే వాల్ట్ రమ్మన్నాడు. బేస్‌మెంట్‌లో ఒక పెద్దావిడ బట్టలు ఇస్త్రీ చేస్తోంది, ఇద్దరు ఆడపిల్లలు మంచం మీద హోంవర్క్ చేసుకుంటున్నారు, వాళ్ళ తల్లి డ్యూటీకి వెళ్ళిందట. మంచానికి నాలుగడుగుల దూరంలో ఫర్నేస్ ఉంది. ఆ విషవాయువుని కొలిచే నా చేతి మీటర్ మీద సున్నా ఉండాల్సిన చోట సున్నా లేదు. ఎక్కువేం కాదు, తలనొప్పి తెప్పించేంత. హెక్టర్ చేత పెద్దావిడని అడిగిస్తే చలికాలమంతా తలనొప్పేనని, వయసు వల్ల అనుకున్నానని చెప్పింది.

అందర్నీ బయటికి పంపించి, ఫర్నేస్ స్విచ్ కట్టేసి, తలుపులు తెరిపించి, గ్యాస్ కంపెనీకి ఫోన్ చేశాను. ప్రభాకర్ గారు పిల్లల పుస్తకాలు తీసుకొచ్చి తన కారులో పెట్టారు. మీటర్ సున్నాకి వచ్చాక, మంచాలు పైకి చేర్చడానికి హెక్టర్ పై గదిలోని తన పనిముట్లన్నీ పెరట్లోకి మోసుకెళ్ళాడు. ప్రభాకర్ గారు ఒక వైపు పట్టుకుంటే ఆయన ఒక వైపు పట్టుకున్నాడు. వాల్ట్ మోకాలు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఎవరు ఎటు పట్టుకోవాలో చెప్తున్నాడు.

ఆ ఇంటి మీద ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదు. ఇచ్చేవాళ్ళు కూడా ఉండరు, అందరూ చుట్టాలే. ఏ చట్టం ఆ తలుపు తట్టేది కాదు. సాయంత్రానికి గ్యాస్ కంపెనీవాళ్ళు ఫర్నేస్‌కి గ్యాస్ ఆపేసి, వాడకూడదని ఎర్ర ట్యాగ్ కట్టి వెళ్ళారు. పెద్దావిడ పైన వంటగదిలో పొయ్యి వెలిగించింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, మాకు స్పానిష్ రాదు. ఆవిడ బల్ల మీద పళ్ళేలు పెట్టి కుర్చీలు చూపించింది. వాల్ట్ ముందు కూర్చున్నాడు, తర్వాత ప్రభాకర్ గారు, తర్వాత నేను.